ఎదురంగడి కంప్యూటరు

"గడ్డం ఈడ పెట్టండి. నుదురు ఈ పట్టీకి ఆనించండి. రెప్ప కొట్టద్దండి."

"కొడితే ఏమైతాది?"

"ఏం కాదు. మళ్ళీ మొదట్నుంచీ చూడాల."

లూదియా గడ్డం పెట్టింది. మిషను లోపల సన్నటి తోవ కనిపించింది. తోవ చివర ఎర్రకప్పు ఇల్లు. ఆ ఇల్లు ఒకసారి మసకబారి, మళ్ళీ తేటపడింది.

"ఇల్లు కనబడతాందా?" అటువైపు నుంచి అడిగాడు యువకుడు.

"కనబడతాంది. కాపురముండేది ఎవరు?"

అతను నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది. మిషను కిచకిచమని, నాలుక చాపినట్టు చిన్న కాగితం చీటీ బయటికి పంపింది. అతను దాన్ని చించి చూశాడు.

"పేరు?"

"జయలక్ష్మి," అంది లూదియా తడబడకుండా.

1987లో వానలు మొదలైన రోజులవి. నంద్యాల గాంధీచౌకులో కళ్ళద్దాల అంగడి పెట్టుకున్న మాధవయ్య మద్రాసు నుంచి ఈ మిషను తెప్పించాడు. ప్రతి గురువారం అంబాసిడర్ కారు వెనక సీట్లో పరుపు పరిచి, దాన్ని పసిబిడ్డలా పడుకోబెట్టి ఆళ్ళగడ్డకు పంపేవాడు. దానితోపాటు వచ్చేవాడు కృపావరం. సంజామలలో బడిపంతులు కొడుకు, మద్రాసులో ఆరు నెలలు ఉండి మిషను పని నేర్చుకున్నవాడు. బస్టాండు వెనక వీధిలో ఒక గది బాడుగకు తీసుకుని, బయట గుడ్డ మీద 'కంప్యూటర్ కంటి పరీక్ష, తప్పు జరగదు' అని రాయించి కట్టారు.

ఆ గదికి సరిగ్గా ఎదురుగా ఉండేది లూదియా వాళ్ళ నాయన మత్తయి అంగడి. మత్తయి చాలాకాలం క్రైస్తవ మిషన్ ఆసుపత్రిలో కంటి వార్డులో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా కళ్ళద్దాలు చేయడం మొదలుపెట్టాడు. గోడకు ఒక అక్షరాల అట్ట, లెన్సులు మార్చి మార్చి పెట్టే ఇనప ఫ్రేము, లెన్సుల పెట్టె, అద్దం అంచులు అరగదీసే రాయి. అంగడంతా అదే. అట్ట మీద అక్షరాలు ఆయనే నల్ల ఇంకుతో రాసుకున్నాడు. డిగ్రీ అయిపోయినాక లూదియా ఆ రాయి ముందు కూర్చుంది.

మిషను లోపలి వెలుతురు కంటిచూపును పీల్చేస్తుందని ఊళ్ళో కొందరు అన్నారు. ఆ మాట లూదియా నమ్మలేదు. ఆమె అనుమానం వేరు. అద్దాలమ్మేవాడి మిషను అద్దాలు అక్కర్లేదని ఎందుకు చెబుతుంది? దొంగతనం పట్టుకోవాలనే ఆ రోజు వీధి దాటి వచ్చింది. తన చూపు ఎంత బాగుందంటే బస్సు మలుపు తిరగ్గానే బోర్డు చదవగలదు.

"చీటీలో ఏముండాది?" అడిగింది.

"రెండు కండ్లకూ మైనస్ అర నంబరు చూపిస్తాంది."

"అనుకున్నా."

"ఏం అనుకున్నారు?"

"ఏం లేదు. అద్దాలు ఎప్పుడిస్తావు?"

కృపావరం ఆమె ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, గోడకున్న క్యాలెండరు చదవమన్నాడు. ఒక లెన్సు వేశాడు, తీశాడు. "ఇది ఉంటే బాగుందా, లేకుంటే బాగుందా?"

"లేకుంటేనే."

"అయితే మీకు అద్దాలు అక్కర్లేదు. వయసులో ఉండేవాళ్ళు మిషను లోపలికి చూసేటప్పుడు దగ్గరి వస్తువేమో అనుకోని కన్ను బిగబడతారు. అప్పుడు లేని నంబరు చూపిస్తాది."

లూదియాకు సంతోషం కలగాలి. కలగలేదు. "నేనెవరో నీకు తెలుసా?" అంది.

"ఎదురంగట్లో కూర్చునే లూదియా గదా."

ఆమె ముఖం ఎర్రబడింది. "నన్ను చూసి జాగ్రత్తపడినావు. తెలియనోళ్ళయితే అంటగట్టేటోనివి."

"అద్దాలు అక్కర్లేదంటే అనుమానం. కావాలంటే దొంగ. నేనేం చెప్పాలనో మీరే చెప్పండి."

లూదియా చీటీ లాక్కుని వచ్చేసింది.

తర్వాతి గురువారం పక్కింటి సారమ్మను పంపింది. సారమ్మను అతను ఎరగడు. ఆమెకు మూడు నెలల కిందటే మత్తయి కొత్త అద్దాలు చేసి ఇచ్చాడు. మళ్ళీ నంబరు మార్చాలని మిషను చెబితే దొంగతనం బయటపడినట్టే.

మిషను మార్చాలనే చెప్పింది. వారం తర్వాత సారమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని, చేటలో బియ్యంతో లూదియా వాళ్ళ అరుగు మీద కూర్చుంది.

"చూసినావా అత్తా, అనవసరంగా అంటగట్టినాడు," అంది లూదియా.

సారమ్మ బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది. "అట్లంటే ఎట్ల పాపా. దీంతో రాళ్ళు కనబడతాండాయి. మీ నాయన ఇచ్చినదాంతో రాళ్ళూ బియ్యమూ ఒగే మాదిరి ఉండె."

"ముందే చెప్పలేదేమి?"

"మత్తయన్న చేసినాడు గదా, నా కండ్లదే తప్పనుకున్నా."

ఆ మాట లూదియాకు రుచించలేదు. ఎదురుగదిలో కృపావరం ఎవరి గడ్డమో సర్దుతూ ఇటు చూశాడు. ఆమె తలుపు ఓరగా వేసుకుంది.

మరో గురువారం మధ్యాహ్నం పెద్ద వాన పట్టింది. కరెంటు పోయింది. మిషను కళ్ళు మూసుకుంది. గదిలో ఉన్నవాళ్ళంతా లేచిపోయినా, లారీ డ్రైవరు గురవయ్య మాత్రం కదల్లేదు. సాయంత్రానికల్లా బండి ఎక్కాలి, రాత్రిళ్ళు ఎదురొచ్చే లైట్లకు తోవ కనబడటం లేదన్నాడు. కృపావరం తువ్వాలు తలమీద వేసుకుని, అతన్ని వెంటబెట్టుకుని వీధి దాటి వచ్చాడు.

"వందనాలు పెదనాయనా. మీ అట్ట మీద ఈయనకు ఒగసారి చదివిస్తారా? మా మిషను పండుకునింది."

మత్తయి తల ఎత్తాడు. "కరెంటు లేకపోతే గుడ్డిదేనా మీ కంప్యూటరు?"

"గుడ్డిదే."

ఆ జవాబుకు మత్తయి కాస్త మెత్తబడ్డాడు. లూదియా మాత్రం లోపల రాయి తిప్పుతూ చెవులు ఇటే పెట్టింది. ఇతను అంగడి లోపలంతా చూసి పోవడానికే వచ్చాడని ఆమెకు గట్టి నమ్మకం.

మత్తయి పుల్ల తీసుకుని అట్ట పక్కన నిలబడ్డాడు. గురవయ్య మొదటి వరుసలు చదివాడు. నాలుగో వరుస దగ్గర పుల్ల ఆగింది.

"మ," అన్నాడు గురవయ్య.

"తప్పు. అది స."

"నాకు మ మాదిరే కనబడతాంది సామీ."

"అందుకే గదా నువ్వు ఈడికి వచ్చినావు," అని మత్తయి లెన్సు మార్చాడు.

కృపావరం అట్టను చూశాడు, పుల్ల కొసను చూశాడు. మత్తయి నంబరు రాసి లోపలికి ఇచ్చాడు. తిరిగొచ్చాక అద్దాలు తీసుకుంటానని గురవయ్య వెళ్ళిపోయాక, వాన తగ్గే వరకూ అన్నట్టు కృపావరం అరుగు మీదే నిలబడ్డాడు. లూదియా చూరు నీళ్ళు పట్టుకోవడానికి బిందె తెచ్చింది.

"ఒగ మాట," అన్నాడు మెల్లిగా. "గురవయ్య అద్దాలు ఇప్పుడే చేయద్దు. కరెంటు వచ్చినాక నేను మళ్ళా చూస్తా."

"ఎందుకు?"

"మీ నాయన పుల్ల మ మీద పెట్టినాడు. స అని చెప్పినాడు."

"ఆ అక్షరాలు రాసిందే మా నాయన."

"అందుకే. చూడకుండానే నోటికి వచ్చు. ఆయనకు అట్ట కనబడడంలేదు లూదియా."

బిందె నిండి పొర్లుతోంది. ఆమె చూసుకోలేదు. "ఈ మాట మాధవయ్య నేర్పించినాడా? మత్తయికి కండ్లు పోయినాయని ఊరంతా చెప్పుకుంటే మా అంగడి మూతపడతాది. అదేనా మీకు కావాల్సింది?"

"నేను ఎవురికీ చెప్పలా. నీకే చెప్తాండా."

"నిన్నెట్ల నమ్మేది?"

"నన్ను నమ్మద్దు. అట్ట మార్చి చూడు." అతను వానలోకి దిగాడు. తువ్వాలు అరుగు మీదే మర్చిపోయాడు. లూదియా దాన్ని తీసి ఆరేయలేదు, పారేయనూ లేదు.

కోపంతోనే ఆమె గురవయ్య లెన్సులు అరగదీసింది. కానీ ఫ్రేములో బిగించడానికి చెయ్యి రాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తెల్లటి అట్ట కోసి, అదే కొలతలో, అదే నల్ల ఇంకుతో వేరే అక్షరాలు రాసింది. రాస్తున్నంతసేపూ కృపావరం అబద్ధాలకోరు అని తేలాలనే కోరుకుంది.

మర్నాడు పొద్దున పాత అట్ట తీసి, కొత్తది అదే మేకుకు తగిలించింది.

"నాయనా, అట్ట దుమ్ము పట్టింటే తుడిచినా. అక్షరాలు యాడన్నా చెరిగిపోయినాయేమో చూడు."

మత్తయి కుర్చీలో నుంచే అట్ట వైపు తిరిగాడు. పై వరుస నుంచి మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, చివరి వరుస దాకా చదివాడు. ఆయన చదివింది పాత అట్టను. ఒక్క అక్షరమైనా తప్పు పోలేదు.

"బాగుండాది గదా?" అన్నాడు.

"బాగుండాది నాయనా."

గొంతు మామూలుగానే వచ్చిందనుకుంది. మత్తయి ఆ గొంతు వైపు తల తిప్పాడు.

"అట్ట మార్చినావా పాపా?"

లూదియా పాత అట్టను తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఏడాది నుంచి పొర కమ్ముతాంది," అన్నాడు ఆయన. "నాకు తెలీక కాదు. వార్డులో ఉన్నప్పుడు ఆపరేషన్ చేయించుకోని చూపు వచ్చినోళ్ళను చూసినా, రానోళ్ళనూ చూసినా. రానోళ్ళే నాకు గుర్తుండారు. పైగా కండ్లద్దాలోనికే చూపు లేదంటే ఈ అంగడికి ఎవరొస్తారు?" ఆగి, మళ్ళీ అడిగాడు. "ఎవురికన్నా తప్పు అద్దాలిచ్చినానా?"

లూదియాకు దాచాలనిపించింది. దాస్తే ఇంకొకరికి ఇస్తాడు.

"సారమ్మ అత్తకు ఇచ్చినావు. గురవయ్యవి ఇంకా ఇయ్యలా."

"లారీ తోలేటోనికి," అని మత్తయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాయన ఏడవడం లూదియా చూడటం అమ్మ పోయిన తర్వాత అదే మొదటిసారి.

ఆ గురువారం మత్తయి కూతురి భుజం పట్టుకుని వీధి దాటాడు. ఊరంతా చూసింది. కృపావరం లేచి స్టూలు తుడిచాడు. మత్తయి గడ్డం పెట్టాడు. మిషను కిచకిచమంది. ఆగింది. మళ్ళీ అంది. చీటీలో అంకెలకు బదులు అడ్డగీతలు వచ్చాయి.

"ఏం చెప్పింది?"

"ఏం చెప్పలా పెదనాయనా. పొర దాటి లోపలికి చూడలేకపోయింది."

మత్తయి నవ్వాడు. "అట్ల చెప్పు. దానికి గూడా నేను కనబడలా."

కృపావరం బ్యాటరీ లైటు వేసి కళ్ళలోకి చూశాడు. ముదిరిన శుక్లాలు. నంద్యాలలో తనకు తెలిసిన డాక్టరు ఉన్నాడన్నాడు. ఆపరేషన్ అయితే చూపు వస్తుందని మాట ఇవ్వలేనని, రావడానికే ఎక్కువ అవకాశమని అన్నాడు. గురవయ్యను పొద్దున్నే మళ్ళీ పిలిపించి చూశానని, అతనికి కావాల్సిన నంబరు మత్తయి రాసినదాని కంటే చాలా తక్కువని కూడా చెప్పాడు.

వచ్చే దోవలో మత్తయి, "మనిషి నిమ్మళంగా మాట్లాడతాండాడు," అన్నాడు.

"నిమ్మళంగా మాట్లాడేటోళ్ళతోనే జాగ్రత్తగా ఉండాల," అంది లూదియా.

నంద్యాలలో ఒక కంటికి ఆపరేషన్ జరిగింది. కంటికి కట్టుతో మత్తయి పడుకుని ఉండగా మాధవయ్య ద్రాక్షపండ్లు పట్టుకుని వచ్చాడు. తెల్ల పంచె, వెండి పిడి గొడుగు. పక్కన కూర్చుని కొంతసేపు ఆరోగ్యం సంగతి మాట్లాడి, తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మత్తయ్యా, ఒగ ఆలోచన. కంప్యూటరు మీ అంగట్లోనే ఉంచేద్దాం. పేరు మీది, మిషను నాది. ఏమంటావు?"

లూదియా చేతిలో గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చింది. ఆసుపత్రి మెట్ల దగ్గర కృపావరం మందుల చీటీతో నిలబడి ఉన్నాడు.

"మా నాయన ఆసుపత్రిలో ఉండాడని మాధవయ్యకు ఎవరు చెప్పినారు?"

"నేనే."

"మా అంగడి అడగమని?"

"అది గూడా నేనే."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"మొదట్నుంచీ ఇదేనా నీ ఎత్తు?"

"చెప్పేది విను. నీకు వచ్చినట్లే చానామంది పిల్లోళ్ళకు మిషనులో లేని నంబరు వస్తాంది. నంద్యాల అంగట్లో జనం ఎక్కువ. మాధవయ్య అక్షరాలు చదివించనీడు, చీటీ చూసి అద్దాలియ్యమంటాడు. నాకు రాత్రిపూట నిద్ర పట్టడంలేదు. మీ నాయన అట్ట పక్కన మిషను ఉంటే రెండూ చూసి చెప్పచ్చు. అందుకే అడగమన్నా."

"అందుకేనా?"

"అందుకు గూడా."

"ఇంకేముండాది?"

అతను మందుల చీటీని మడిచాడు, విప్పాడు. "నువ్వుండావు. గురువారం ఎప్పుడొస్తాదా అని మిగతా వారమంతా ఎదురుచూస్తాండా. రోజూ ఆడే ఉండచ్చు గదా అనుకున్నా. నువ్వంటే నాకు ఇష్టం లూదియా."

సన్నగా తుంపర మొదలైంది. ఇద్దరూ మెట్ల మీద తడుస్తూనే ఉన్నారు.

"నీ మాటలు వినడానికి బాగానే ఉండాయి," అంది లూదియా. "అందుకే అనుమానం." లోపలికి వెళ్ళిపోయింది. అయితే ఆ రోజంతా నాయన రెండుసార్లు పిలిస్తే గానీ ఆమెకు వినబడలేదు.

మత్తయి మాధవయ్య మాటకు ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. అట్ట చదివించకుండా ఎవరికీ అద్దాలు ఇవ్వకూడదు. మాధవయ్య నొసలు చిట్లించాడు.

"మళ్ళీ అట్ట చదివిస్తే కంప్యూటరు మీద జనానికి నమ్మకం పోదా?"

"నీ మిషను నన్ను చూసి గీతలు కొట్టింది. నేను కంటికి కనబడని అట్టను అప్పజెప్పినా. ఉత్త మిషన్నూ నమ్మద్దు, నన్నూ నమ్మద్దు. రెండూ సరిపోతేనే ఇద్దాం."

నెలన్నరకు మత్తయికి మందపాటి అద్దాలు వచ్చాయి. మిషను నంబరు చెప్పింది, లూదియా రాసిన కొత్త అట్ట మీద చదివించి సరిచూశారు. ఈసారి ఆయన ఆగి ఆగి, ఒక్కో అక్షరాన్నీ చూసి చదివాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "చిక్కిపోయినావు పాపా," అన్నాడు. కృపావరాన్ని చూసి, "గొంతు విని పెద్దోడివనుకున్నా. పిల్లోనివే," అన్నాడు.

కృపావరం ఇప్పుడు రోజూ ఆళ్ళగడ్డలోనే. లూదియాను మళ్ళీ ఏమీ అడగలేదు. ఆమె లెన్సులు అరగదీస్తుంటే తలుపు సందులోంచి చూస్తాడు. ఆమె తల ఎత్తేసరికి మిషను తుడుస్తుంటాడు. ఇష్టం లేదని ఆమె చెప్పలేదు. ఉందని చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. తాను చూడనప్పుడు కూడా అట్లాగే ఉంటాడా?

ఒక మధ్యాహ్నం మాధవయ్య తన అన్న కూతురు వాసవాంబను తీసుకుని వచ్చాడు. లూదియా అంగడి వెనక తెర చాటున కూర్చుని భోజనం చేస్తోంది. ఆమె ఉన్నట్టు వాళ్ళెవరికీ తెలియదు. పదో తరగతి చదివే వాసవాంబకు సినిమాలో చూసినలాంటి బంగారు ఫ్రేము కావాలి. మిషను అర నంబరు చూపించింది. పిల్ల ముఖం వెలిగిపోయింది.

"రాయి కృపావరం, మంచి ఫ్రేము," అన్నాడు మాధవయ్య.

"ముందు అట్ట చదవాల."

"మా ఇంటి పిల్లకు గూడానా?"

"అందరికీ ఒగటే అనుకున్నాం గదా అయ్యా."

వాసవాంబ చివరి వరుసలో కావాలనే తడబడింది. కృపావరం ఓపిగ్గా ఒట్టి గాజు లెన్సు వేసి, "ఇప్పుడు?" అన్నాడు. "ఇప్పుడు బాగా కనబడతాంది," అని పిల్ల గడగడా చదివేసింది.

"ఇది ఉత్త గాజు వాసవీ. నీ కండ్లు బాగుండాయి. అద్దాలు వద్దు."

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మాధవయ్య గొడుగు నేలకు తాటించాడు. "ఉద్యోగం ఇచ్చింది నేను, గుర్తుండాదా?"

"గుర్తుండాది. కావాలంటే తీసేయండి. అక్కర్లేని అద్దాలు మాత్రం నేను ఇయ్యను."

మాధవయ్య కాసేపు అతన్ని ఎగాదిగా చూశాడు. చివరికి, "పాపా, ఐస్‌క్రీం తిందువు గానీ పద," అని పిల్లను లాక్కుపోయాడు. ఉద్యోగం గురించి మళ్ళీ ఎత్తలేదు.

తెర వెనక లూదియా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ఆ శనివారం మత్తయి ఉన్నట్టుండి, "కృపావరం, మీ నాయన సంజామలలో ఇంటికాడ ఎప్పుడుంటాడు?" అని అడిగాడు.

"రేపు ఉంటాడు పెదనాయనా. ఎందుకు?"

"ఆపరేషన్ అయినాక అన్నీ కనబడతాండాయి. మీరిద్దరూ దొంగచూపులు చూసుకునేది గూడా. పెద్దోళ్ళు మాట్లాడుకుంటే మంచిది గదా."

లెన్సు అరగదీసే రాయి చప్పుడు టక్కున ఆగింది. మళ్ళీ మొదలైంది, కాస్త వేగంగా.

ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ బస్సెక్కారు. సంజామలలో కృపావరం నాయన సంజీవయ్య పంతులు వాళ్ళకు ఎదురొచ్చి, మత్తయిని మంచం మీద కూర్చోబెట్టాడు. తల్లి జయమ్మ మాత్రం లూదియాను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి పరీక్షగా చూసింది.

"మిషను ఉద్యోగం. ఈ పొద్దు ఉంటాది, రేపు ఇంకో మిషను వస్తాది. అది ఆలోచించినావా?"

"రానీ అత్తా. వచ్చినదాన్ని గూడా సరిచూసే మనిషి కావాల గదా."

జయమ్మ ముఖం కొంచెం సడలింది. అయినా వదల్లేదు. "ఇంకొగటి. మావాడు నిన్ను అడిగినాడంట. నువ్వేం చెప్పలేదంట. ఇష్టం లేని పిల్లను మా ఇంటికి తెచ్చుకోలేం పాపా. ఇష్టమేనా?"

కృపావరం గడప దగ్గర కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడిపోయాడు.

"నమ్మకం కుదిరినాక చెప్దామనుకున్నా," అంది లూదియా. "మొన్న మధ్యాహ్నం వాసవాంబ వచ్చినప్పుడు నేను తెర వెనకాలే ఉండా. అంతా విన్నా. ఇష్టమే అత్తా."

జయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. సంజీవయ్య పంతులు, పాస్టరు అయ్యగారితో మాట్లాడి చర్చిలో పెళ్ళి తారీఖు పెట్టిద్దామన్నాడు. మత్తయి తల ఊపి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

లూదియా తల ఎత్తి కృపావరం వైపు చూసింది. ఏమీ వెతక్కుండా, ఏదీ పట్టుకోవాలని లేకుండా అతన్ని చూడటం ఆమెకు అదే మొదలు. ఈసారి ముందు చూపు దించుకున్నది అతనే.